పొగా, ఆవిరా? : బరంపురం ఇంగ్లీషు మాస్టారి అనుభవ పాఠాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో ఇప్పుడు పద్యం, గద్యంతోపాటు ‘లాజికల్ రీజనింగ్’, ‘పంక్చుయేషన్’, ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అని మూడు వేరువేరు గళ్ళు ఉంటున్నాయట. ఒక్కోదానికి ఎన్ని పీరియడ్లు ఇవ్వాలి మాస్టారూ అని అడుగుతారు. ఆ మూడూ ఒకే పని అని నా అభిప్రాయం. ఒక మాటకూ ఇంకో మాటకూ ఉన్న సంబంధం పిల్లవాడి బుర్రలో తేలితే అది తర్కం, కాగితం మీద కనబడితే కామా, ఎదుటివాడి చెవికి చేరితే కమ్యూనికేషన్. బరంపురంలోనూ, చుట్టుపక్కల గంజాం ఊళ్ళలోనూ చాక్‌పీసు అరగదీసి నేర్చుకున్న సంగతులు కొన్ని కింద రాస్తున్నాను. నెంబర్లు వేసింది మీరు వెతుక్కోడానికే. ఒకటోది గొప్పది, చివరిది తక్కువది అని కాదు.

1. క్లాసులో ఎన్ని భాషలున్నాయో ముందు చూసుకోండి

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తరవాత గీత మారింది గానీ వీధులు మారలేదు. దేవాంగుల వీధి పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడి గేటు దగ్గర ఒడియా, టీవీ ముందు హిందీ. మనం లోపలికెళ్ళి ఇంగ్లీషు అంటాం. పక్క బెంచీలో కూర్చున్న ఒడియా పిల్లకి కూడా బజారు తెలుగు బాగానే వచ్చు. ఇన్ని భాషలు నోట్లో ఉన్న పిల్లల్ని పట్టుకుని ‘వీళ్ళకి భాష రాదు’ అనడం నాకెప్పుడూ అర్థం కాలేదు.

పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోదే. గిడుగు రామమూర్తి 1880లో అక్కడి రాజావారి బళ్ళో చిన్న ఉద్యోగంలో చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన మొదట చేసిన పని సవర భాష తాను నేర్చుకోవడం. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది, క్వినైను మింగీ మింగీ చెవులు పోయాయి. అయినా సవరలకు వాచకాలు రాశారు, బళ్ళు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన నడిపిన వాడుక భాష ఉద్యమం అనగానే మనం తెలుగు పండితుల తగాదా ఒక్కటే తలుచుకుంటాం. దాని మొదలు మాత్రం తరగతి గదిలోనే ఉంది. ఇంగ్లీషువాళ్ళు తమ పిల్లలకు మాట్లాడే భాషలో చదువు చెప్పుకుంటుంటే ఇక్కడ ఎందుకలా లేదని యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న దగ్గర రాజుకుంది.

కాబట్టి ఆలోచన ముందు పిల్లవాడి భాషలో నడవనివ్వండి. ‘ఎందుకు?’ అని అడిగితే తెలుగులోనో ఒడియాలోనో గడగడా చెప్పేస్తాడు. ఆ చెప్పినదాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడం రెండో మెట్టు. రెండు మెట్లూ ఒక్క అంగలో ఎక్కమంటే నోరు మూసుకుంటాడు. మనం వాణ్ణి మొద్దు అంటాం.

2. తర్కం చెప్పడానికి తప్తపాని కంటే మంచి పుస్తకం లేదు

మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట మన తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ రాశాడు. దేశమంతా పాఠశాలల్లో తర్కానికి ఓనమాలు దిద్దించిన పుస్తకం అది. అందులో ఉదాహరణ పిల్లలందరికీ తెలిసిన విషయమే: కొండ మీద పొగ చూసి నిప్పుందని తేల్చడం. అయిదు అంగలు. కొండ మీద నిప్పుంది అన్నది ప్రతిజ్ఞ. పొగ ఉంది గనక అన్నది హేతువు. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా అన్నది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది అన్నది ఉపనయం. కాబట్టి నిప్పుంది అన్నది నిగమనం.

ఈ అయిదింటినీ నేను బోర్డు మీద తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషు కట్టుమాటలు పెట్టేవాణ్ణి. హేతువు దగ్గర ‘బికాజ్’, ఉదాహరణ దగ్గర ‘వెనెవర్’, ‘ఫర్ ఎగ్జాంపుల్’, నిగమనం దగ్గర ‘దేర్‌ఫోర్’. కంజంక్షన్ల జాబితా బట్టీ పట్టించే పని తప్పింది. ఏ మాట ఏ పని చేస్తుందో పిల్లలకి కళ్ళెదుట కనబడింది.

మన పిల్లలకి కొండలు కొత్త కాదు. పడమటికి చూస్తే ఎండాకాలంలో పోడు కాల్చిన పొగ లేస్తుంది. శీతాకాలం పొద్దున్న అదే కొండ మీద మంచు కూడా అలాగే లేస్తుంది. ‘మరి ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది?’ అని అడిగితే క్లాసు లేచి కూర్చుంటుంది. వాసన అంటాడొకడు, రంగు అంటుంది ఇంకో అమ్మాయి. ఎండెక్కితే పోయేది మంచు, పోనిది పొగ అని ఒక కొండవాళ్ళ పిల్లవాడు చెప్పాడు. ఆ మాట ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

తరవాత తప్తపాని. బరంపురం నుంచి బస్సులో గంటన్నర దూరం. వేడినీటి బుగ్గ, గంధకం వాసన, చలికాలంలో గుండం మీద దట్టంగా ఆవిరి. దూరం నుంచి చూసినవాడు నిప్పుందని వాదిస్తే ఏమవుతుంది? అన్నంభట్టు చెప్పిన అయిదు అంగలూ సరిగ్గానే పడ్డాయి, హేతువే తప్పు. చూసింది పొగ కాదు. అంగలన్నీ సరిగా ఉన్నా ఆధారమైన మాట అబద్ధమైతే వాదమంతా గాలిలో ఉన్నట్టే. తెలివైన పిల్లలు ఎక్కువగా పడేది ఈ గోతిలోనే. వాళ్ళకి అంగలు వేగంగా పడతాయి, కాళ్ళ కింద నేల చూసుకోరు.

ఒక ఏడాది ఒకమ్మాయి వదల్లేదు. ‘కింద నిప్పు లేకపోతే నీళ్ళెలా కాగాయి సార్?’ అంది. ఆ పీరియడు అక్కడితో చెడిపోయిందని పక్క క్లాసు టీచరు అనుకున్నారు గానీ అసలు పాఠం అక్కడే మొదలైంది. నిప్పు అంటే ఏమిటి, వేడి అంటే ఏమిటి, భూమి లోపలి వేడికి మంట అక్కర్లేదా? సైన్సు మాస్టార్ని పిలవాల్సి వచ్చింది. ‘నిప్పు’ అన్నమాటకి ఇద్దరూ ఒకే అర్థం పెట్టుకున్నారో లేదో ముందు చూసుకోవాలని క్లాసంతా గ్రహించింది. ‘వాట్ డు యూ మీన్ బై...’ అన్న ప్రశ్న ఆ ఏడాది మా పిల్లల నోట నానింది. కొంతమంది టీచర్లకి అది అమర్యాదగా తోచింది. తోచనివ్వండి.

3. ‘అన్నీ’, ‘కొన్ని’, ‘మాత్రమే’

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలాదిగా వచ్చి గుడ్లు పెడతాయి. ఇది పిల్లలందరికీ గర్వం. ఆ గర్వాన్ని వాడుకోండి. ‘రుషికుల్య దగ్గర గుంపుగా గుడ్లు పెట్టేవన్నీ ఆలివ్ రిడ్లీలే’ అనే వాక్యం ఇచ్చి, ‘అయితే ఆలివ్ రిడ్లీలన్నీ రుషికుల్యకే వస్తాయా?’ అని అడగండి. సగం మంది అవునంటారు. గహిర్‌మఠా తీరం మాటేమిటి అని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. వాక్యాన్ని తిరగేస్తే నిజం కూడా తిరగబడదని అక్కడ తెలుస్తుంది.

ఇస్త్రీ బండి బొగ్గులు కూడా పనికొస్తాయి. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. నిప్పుంటే పొగ ఉండాలా? ఎర్రగా మండే బొగ్గులో పొగ లేదు. వి.వి.గిరి గారు బరంపురంలో పుట్టారు, రాష్ట్రపతి అయ్యారు. బరంపురంలో పుట్టినవాళ్ళందరూ రాష్ట్రపతులు కాలేదు, నాతో సహా. పిల్లలు నవ్వుతారు, గుర్తుంచుకుంటారు.

ఇక్కడో మాట. బ్యాంకు పరీక్షలకీ, రైల్వే పరీక్షలకీ వెళ్ళే పెద్ద పిల్లలు కోచింగ్ సెంటర్లో ఇదే విద్యని ‘కొన్ని పెన్నులు పుస్తకాలు, పుస్తకాలన్నీ బల్లలు’ అని నేర్చుకుంటారు. వృత్తాలు గీసి అరనిమిషంలో జవాబు పెడతారు. మంచిదే, ఉద్యోగం రావాలి. ఆ వృత్తాలు గీసే పిల్లవాడే ఇంటికెళ్ళి ‘ఒక ఫలానా కులంవాడు మోసం చేశాడు కాబట్టి వాళ్ళంతా మోసగాళ్ళే’ అని ఫోన్లో వచ్చిన మెసేజిని పదిమందికి పంపుతాడు. రీజనింగ్ పెన్నులకీ బల్లలకీ మాత్రమే అనుకుంటే ఇలాగే ఉంటుంది. అందుకే ఉదాహరణలు ఊళ్ళోంచి తీసుకోండి.

4. ‘బికాజ్’ పక్కన ‘సో’ పెడితే

‘ఎందుకంటే వర్షం పడింది కాబట్టి నేను రాలేదు’ అని మనం మాట్లాడేటప్పుడు రెండూ వేస్తాం, ఎవరూ ఏమీ అనరు. అదే అలవాటుతో ఇంగ్లీషులో ‘బికాజ్’, ‘సో’ రెండూ వస్తాయి. ‘ఆల్దో’తో ‘బట్’ కూడా. ఇది తెలివితక్కువతనం కాదు, రెండు చివర్లా ముడి వేసే మన అలవాటు. ఇంగ్లీషుకి ఒక ముడి చాలు అని చెప్పండి. ఎర్రసిరా అక్కర్లేదు.

5. చుక్క, నిలువు గీత, కామా

మా క్లాసుల్లో ఇంగ్లీషు వాక్యం చివర చుక్కకి బదులు నిలువు గీత పెట్టే పిల్లలు ఎప్పుడూ ఉండేవారు. ఒడియాలో పూర్ణచ్ఛేదం అంటే ఆ గీతే. తెలుగు చదివే పిల్లలు చుక్క పెడతారు, ఎందుకంటే అచ్చు తెలుగు ఇంగ్లీషు చుక్కనే తెచ్చుకుంది. ఇద్దరికీ పెద్దక్షరాల బాధ మాత్రం సమానం: తెలుగులోనూ లేవు, ఒడియాలోనూ లేవు. పేరు మొదట పెద్దక్షరం వెయ్యమంటే కొందరు వాక్యంలో తమకి ముఖ్యమనిపించిన ప్రతి మాటకీ వేస్తారు. అందులో ఒక న్యాయం ఉంది. నేను దాన్ని చివరికి దిద్దేవాణ్ణి.

అసలు చిక్కు చుక్క రూపంలో లేదు, ఎక్కడ పెట్టాలన్నదాంట్లో ఉంది. తెలుగువాడు ‘పొద్దున్న లేచి, పళ్ళు తోముకుని, పఖాళ (చద్దన్నం) తిని, బడికెళ్ళి, సాయంత్రం వచ్చి, ఆడుకుని, పడుకున్నాను’ అని రోజంతా ఒక్క వాక్యంలో నడిపిస్తాడు. చివరి క్రియ ఒక్కటే పూర్తవుతుంది, మిగతావన్నీ దాని భుజం మీద చెయ్యేసి నడుస్తాయి. చక్కటి సౌకర్యం. ఈ బండినే ఇంగ్లీషులోకి తోలితే పేజీ నిండా ‘అండ్, అండ్, అండ్’. లేకపోతే వాక్యం వాక్యానికీ మధ్య కామా, చుక్క మాత్రం పేజీ అడుగున ఒక్కటి. ‘చుక్క పెట్టు, చుక్క పెట్టు’ అని అరిస్తే లాభం లేదు. ప్రతి పనికీ చేసేవాణ్ణీ క్రియనీ వెతకమనండి. చేసేవాడూ పూర్తి క్రియా దొరికిన చోట వాక్యం ఒకటి తయారైంది. అక్కడ చుక్కైనా పెట్టాలి, కట్టుమాటైనా వెయ్యాలి. కట్టుమాట వెయ్యాలంటే ఏ సంబంధమో తెలియాలి: కారణమా, అయినప్పటికీనా, తరవాతా? చూశారా, మళ్ళీ రెండో పాఠానికే వచ్చాం.

చుక్క విలువ తెలుగులోనే ముందు చూపించండి. బోర్డు మీద ‘రేపు బడి లేదు పరీక్ష’ అని చుక్కలేవీ లేకుండా రాయండి. ‘రేపు బడి లేదు. పరీక్ష.’ అంటే గుండెల్లో రాయి. ‘రేపు బడి. లేదు పరీక్ష.’ అంటే పండగ. ఒక్క చుక్క జరిగితే పరీక్ష పోయింది! ఇలాంటివి ఇంకో నాలుగు ఇంట్లో తయారుచేసుకుని రమ్మంటే పిల్లలు పుస్తకాల నిండా తెస్తారు. కొన్ని మీదే వేస్తారు, ఓర్చుకోవాలి.

పెద్ద క్లాసు పిల్లలకైతే అమెరికా పాల డ్రైవర్ల కథ చెప్పండి. మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైము ఏయే పనులకి ఇవ్వక్కర్లేదో చట్టం ఒక వరస చెప్పింది. ఆ వరస చివర ‘రవాణా కోసం గానీ పంపిణీ కోసం గానీ ప్యాక్ చేయడం’ అని చదవాలో, ‘ప్యాక్ చేయడం’ వేరు, ‘పంపిణీ’ వేరు అని చదవాలో తేలలేదు, మధ్యలో కామా లేకపోవడం వల్ల. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు పంపిణీ చేస్తారే గానీ ప్యాక్ చెయ్యరు. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు తీర్పిచ్చింది, 2018లో యాభై లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఇది విన్నాక ఒక లారీ డ్రైవరుగారి అబ్బాయి నోటుపుస్తకంలో కామాలు రెట్టింపయ్యాయి. తగ్గించడానికి ఇంకో నెల పట్టింది.

ఈ గుర్తులు ఆకాశం నుంచి ఊడిపడలేదనీ చెప్పాలి. తాటాకు మీద రాసినప్పుడు మన పెద్దలు మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా వదల్లేదు. చదివేవాడికి పద్యం నడక ముందే తెలుసు గనక ఎక్కడ ఆగాలో తెలిసేది. అచ్చు వచ్చాక, తెలియని పుస్తకం తెలియనివాడు ఒంటరిగా చదవాల్సి వచ్చినప్పుడు గుర్తుల అవసరం పెరిగింది. సెమీకోలన్‌ని పదిహేనో శతాబ్దం చివర వెనిస్‌లో ఆల్డస్ మానూషియస్ అనే ముద్రాపకుడు అచ్చులోకి తెచ్చాడు. మా పిల్లలకి దాని వాడుక రాలేదని నేనెప్పుడూ బెంగపెట్టుకోలేదు. ఆల్డస్‌కి కూడా మొదట్లో ఎవరో ఒకరు ఎందుకయ్యా ఇదీ అనే ఉంటారు.

6. ‘రాలేదా?’ అంటే ‘యస్’

‘నిన్న నువ్వు బడికి రాలేదా?’ ‘అవునండీ, రాలేదు.’ తెలుగులో ఇది నిఖార్సైన జవాబు. అడిగినవాడి మాటతో ఒప్పుకుంటున్నాం. ఒడియాలోనూ అంతే. ఇంగ్లీషువాడు అడిగినవాడి మాట పట్టించుకోడు, జరిగినదాన్ని చూస్తాడు. రాలేదు గనక ‘నో’. మనవాడు ‘యస్’ అన్నాడంటే వచ్చానని అర్థమవుతుంది.

క్లాసులో ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఆస్పత్రిలో నర్సు ‘ఏ మందూ పడకపోవడం లాంటిది లేదు కదా?’ అని ఇంగ్లీషులో అడిగి, రోగి ‘యస్’ అంటే? ఇంటర్వ్యూలో ‘మీకు కంప్యూటర్ రాదా?’ అంటే ‘యస్ సార్’ అని తల ఊపితే? నేను పెట్టిన నియమం ఒకటే. కాదన్నట్టు అడిగిన ప్రశ్నకి ఒక్క మాట జవాబు నిషేధం, మొత్తం వాక్యం చెప్పాలి: ‘ఐ డిడ్ నాట్ కమ్’. ‘యస్’, ‘నో’ల తగువు తీరిపోతుంది. ఒడియా పిల్లలు దీనికి ముందు ‘ఆజ్ఞా’ చేర్చి చెప్పేవారు. వినడానికి బాగుండేది, దిద్దలేదు.

7. మాట్లాడించే ముందు వినిపించండి

కమ్యూనికేషన్ అనగానే అందరూ స్టేజి, మైకు, స్పీచి అంటారు. మా తీరంలో మాట సరిగా వినడం ప్రాణం మీది విషయం. 1999లో తుఫాన్లు చూశాం. అక్టోబరు మధ్యలో ఒకటి గంజాం మీద పడింది. నెలాఖరున 29న వచ్చిన సూపర్ సైక్లోన్ జగత్‌సింగ్‌పూర్ వైపు వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి రెండొందల కిలోమీటర్లు, దసరా రోజులు. అయితే అప్పటికే లక్షలాది మందిని తీరం నుంచి తరలించారు. చనిపోయినవాళ్ళు పదుల్లోనే ఆగారు. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్నది షెల్టర్లూ, రోడ్లూ, అధికారులూ, దాంతోపాటు సమయానికి చేరి అర్థమైన మాట.

ఆ తరవాత నేను వాతావరణశాఖ బులెటిన్లనే పాఠంగా పెట్టుకున్నాను. పదాలు చాలావరకు పిల్లలు రేడియోలో విన్నవే. పాఠం ఇలా నడుస్తుంది. ఒకరికి బులెటిన్ కాగితం ఇస్తాను. అతను చదివి, కాగితం మడిచేసి, పక్కవాడికి ఒడియాలో చెప్పాలి. అతను మూడోవాడికి తెలుగులో. మూడోవాడు ఇంగ్లీషులో రాయాలి. మొదటి కాగితమూ చివరి కాగితమూ పక్కపక్కన బోర్డు మీద పెడతాం.

పోయేవి ఎప్పుడూ ఒకటే. గాలి వేగం పోదు, అందరికీ గుర్తుంటుంది. సమయం తారుమారవుతుంది. ‘చేరవచ్చు’ అన్నది ‘చేరుతుంది’ అయిపోతుంది, ‘గోపాలపూర్ పరిసరాల్లో’ అన్నది ‘గోపాలపూర్లో’ అయిపోతుంది. ‘మే’, ‘లైక్లీ’, ‘వెరీ లైక్లీ’, ‘విల్’ అన్నవి నాలుగు వేరువేరు మెట్లు. గ్రామర్ పుస్తకం వాటిలో ‘మే’నీ ‘విల్’నీ మోడల్స్ అని ఒక గడిలో పెట్టి వదిలేస్తుంది. బులెటిన్లో వాటి బరువు తెలుస్తుంది. అలాగే ‘అలర్ట్’ అంటే రెండు రోజుల ముందు మాట, ‘వార్నింగ్’ అంటే ఒక రోజు ముందు మాట. ఇది తెలిసిన పిల్లవాడు ఇంట్లో పెద్దవాడి కిందే లెక్క.

ఇంటిపని కూడా ఉండేది. ఆ బులెటిన్ని ఇంట్లో నానమ్మకో అమ్మమ్మకో చెప్పి, ఆవిడ అడిగిన ప్రశ్నలు రాసుకు రావాలి. ‘వాయుగుండం’ గురించీ ‘అక్షాంశం’ గురించీ ఒక్క ముసలమ్మా అడగలేదు. ‘మనం వెళ్ళాలా, ఉండాలా? ఆవునేం చెయ్యను? కరెంటు ఎప్పుడు తీస్తారు?’ ఇవీ వాళ్ళ ప్రశ్నలు. విన్నవాడికి ఏం కావాలో మన కాగితంలో ఉందా అని పిల్లలు అప్పుడు చూసుకునేవారు. బులెటిన్లో లేని జవాబు తామే కల్పించి చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని నిలబెట్టి ‘అది నీకెలా తెలుసు?’ అని అడిగేవాణ్ణి. ‘ఐ డోంట్ నో, బట్ ఐ విల్ ఫైండ్ అవుట్’ అనే వాక్యం చెప్పడానికి ధైర్యం కావాలి. దానికి నేను రెండు మార్కులు ఎక్కువే వేసేవాణ్ణి.

8. ఉత్తరం చదివేవాడు ఎక్కడున్నాడు?

ఒకప్పుడు గోపాలపూర్ రేవు నుంచి జనం రంగూన్ వెళ్ళేవారు. ఇప్పుడు గంజాం నుంచి లక్షల మంది సూరత్ మరమగ్గాల్లో ఉన్నారు. మా క్లాసులో సగం ఉత్తరాలకి చదివేవాడు నిజంగానే ఉన్నాడు. అలాంటప్పుడు ‘మీ స్నేహితుడికి హిల్ స్టేషన్ గురించి లేఖ’ ఎందుకు రాయించాలి? సూరత్‌లో ఉన్న నాన్న తరఫున బ్యాంకు మేనేజరుకి దరఖాస్తు రాయించాను, రైల్వేకి టిక్కెట్టు డబ్బు వాపసు కోసం ఫిర్యాదు రాయించాను.

మనవాళ్ళ దరఖాస్తు దండాలతో మొదలై, కుటుంబ పరిస్థితి మీదుగా నడిచి, అసలు కోరిక చివరి వాక్యంలో చెబుతుంది. మర్యాదకి అది అందమే. మేనేజరు బల్ల మీద రోజూ దొంతరగా కాగితాలు పడతాయి, ఆయన మొదటి రెండు వరసలే చదువుతాడు. కాబట్టి ఏం కావాలో మొదటి వాక్యంలో, ఎందుకో రెండో వాక్యంలో, ఏ కాగితాలు జతచేశామో మూడోదాంట్లో. దండాలు చివర పెట్టుకోవచ్చు.

9. ఎదుటివాడి వాదం ముందు చెప్పు

డిబేట్ పోటీల్లో గొంతు పెద్దదైనవాడు గెలుస్తాడు. మన పాత శాస్త్రాల్లో ఒక పద్ధతి ఉంది: పూర్వపక్షం. ఖండించబోయే మాటని ముందు నువ్వే చెప్పాలి, ఎదుటివాడు ‘అవును, నేనన్నది ఇదే’ అనేలా చెప్పాలి. అప్పుడే నీ సిద్ధాంతం. మా క్లాసు డిబేట్‌లో ఇదొక్కటే నియమం. ‘యూ ఆర్ సేయింగ్ దట్...’ అని మొదలుపెట్టి, ఎదుటివాడు తల ఊపాకే ముందుకెళ్ళాలి. తల ఊపకపోతే మళ్ళీ చెప్పాలి. ఒక్కోసారి పీరియడంతా తల ఊపించుకోవడంతోనే అయిపోయేది.

విషయంగా చాలాసార్లు పర్లాకిమిడినే తీసుకున్నాను. 1936లో అది ఒడిశాకి వెళ్ళాలా, మద్రాసులో ఉండాలా? అక్కడి మహారాజా కృష్ణచంద్ర గజపతి ఒడిశా కోసం లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి వాదించారు. గిడుగు రామమూర్తి ససేమిరా అన్నారు. ఎస్టేటు చివరికి రెండు ముక్కలైంది. పట్టణం ఒడిశాలో కలవడంతో గిడుగువారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇళ్ళల్లో దీని గురించి ఇప్పటికీ కోపంగా మాట్లాడుకుంటారు. అందుకే తెలుగు పిల్లలకి మహారాజు పక్షం, ఒడియా పిల్లలకి గిడుగువారి పక్షం ఇచ్చేవాణ్ణి.

మొదట గొణుగుతారు. తరవాత పుస్తకాలు వెతుకుతారు. జనాభా లెక్కలో మాతృభాష ఎవరు రాశారు, ఎవరు చెబితే రాశారు, రాజవంశం చరిత్ర ఎక్కువ బరువా, వీధిలో మాట్లాడే భాష ఎక్కువ బరువా, రెండు భాషలూ వచ్చినవాణ్ణి ఏ గడిలో వెయ్యాలి. ఒకసారి ఒక ఒడియా అబ్బాయి గిడుగువారి వైపు ఎంత గట్టిగా వాదించాడంటే, ఇంటికెళ్ళాక వాళ్ళ తాతగారు రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు తాతగారే మనవడి చేత ఆ వాదమంతా మళ్ళీ చెప్పించుకుని, తన జవాబులు ఒడియాలో ఒక కాగితం మీద రాసి బడికి పంపించారు. పూర్వపక్షంతోనే మొదలుపెట్టారు. ఆ కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చడమే ఆ వారం ఇంటిపని.

10. దిద్దడం గురించి రెండు మాటలు

అన్నిటినీ ఒకేసారి దిద్దకండి. ఒక వారం చుక్కలు మాత్రమే, ఒక వారం ‘బికాజ్’ మాత్రమే. మిగతా తప్పులు కనబడుతూనే ఉంటాయి, చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. క్లాసులో అరవై మంది ఉంటే అందరి చేతా మాట్లాడించడం ఎలా అంటారు. ఇద్దరిద్దర్ని ఒకరికొకరు చెప్పుకోమనండి. ముప్ఫై గొంతులు ఒకేసారి లేస్తాయి, హెడ్మాస్టరుగారు వరండాలోకి వస్తారు. బోర్డు మీద ఆ పూట ఇచ్చిన ప్రశ్న పెద్ద అక్షరాల్లో రాసి ఉంచండి, ఆయన కూడా నిలబడి జవాబు ఆలోచిస్తారు.